పేరూరు బండ మీద వకుళమ్మ దగ్గరకు

మా అమ్మాయికి రక్తం ఎక్కించిన నాలుగో రోజున తిరుపతికి బయలుదేరాము. ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారు కాని, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు బీటా తలసీమియా మేజర్ ఉన్న పిల్లల ఇళ్ళలో ప్రయాణాలకు ముహూర్తం పెట్టేది హిమోగ్లోబినే; మూడు వారాలకోసారి ఎక్కించే రక్తంతో అది పెరిగి, మళ్ళీ తొమ్మిది దరిదాపులకు దిగేలోగా, పాప ఆయాసం లేకుండా మెట్లెక్కగలిగే రోజులు కొన్నే ఉంటాయి.

ఏడు నెలల పసికందుగా ఆమెను దత్తత తీసుకున్నప్పుడు జబ్బు ఆనవాళ్ళు లేవు. గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ తగ్గిపోతూ, దాని స్థానంలో తయారు కావలసినది కాకపోవడం వల్ల ఇది సాధారణంగా ఆరు నెలలు దాటాకే బయటపడుతుంది. పాలు తాగడానికి కూడా అలసిపోతూ, పాలిపోయిన బిడ్డకు చేయించిన పరీక్షలో సంగతి తెలిసింది. "కాగితాలు ఇంకా పూర్తి కాలేదు కదా, తిరిగి అప్పగించే వీలుందేమో కనుక్కోండి" అని దగ్గరి బంధువొకరు అన్నారు. ఏడేళ్ళయినా ఆ మాట నన్ను వదలలేదు.

ఈ జబ్బును నయం చేయగలిగే దారి ఎముక మజ్జ మార్పిడి; ఒకే తల్లిదండ్రుల బిడ్డల మధ్య ఆ మజ్జ కుదిరే అవకాశం నాలుగో వంతు ఉంటుంది. మా పాపకు తోబుట్టువులున్నారో లేదో మాకు తెలియదు. కన్నవారి వివరాలు గోప్యంగా ఉంచాలన్న దత్తత నియమం న్యాయమైనదేనని నమ్ముతూనే, ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజుల్లో దానిమీద ఎంతో బాధపడ్డాను. నా రక్తం కూడా ఆమె గ్రూపుకు సరిపోదు. పైగా ఎక్కించే ప్రతి సంచితోనూ సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటకు పంపే దారి శరీరానికి లేదు కనుక, అది గుండెలోనూ కాలేయంలోనూ పేరుకోకుండా రోజూ డెఫెరాసిరాక్స్ మాత్ర నీళ్ళలో కలిపి తాగించాలి. రైల్లోనూ తాగించాము.

తిరుపతికి వచ్చేవారు చాలామంది నేరుగా కొండకే వెళ్తారు. నాకు మాత్రం ముందుగా పేరూరు బండ మీది వకుళమాతను చూడాలని ఉండేది. చాలాకాలం శిథిలంగా పడి ఉన్న ఆ గుడిని పునరుద్ధరించి 2022 జూన్‌లో సంప్రోక్షణ జరిపారు. పాప మెట్లన్నీ తానే ఎక్కింది; మధ్యలో రెండుసార్లు కూర్చున్నాము, అంతే.

పైన కూర్చోబెట్టి కథ చెప్పాను. కృష్ణుణ్ణి పెంచిన యశోద, ఆయన పెళ్ళి చూడలేకపోయానన్న కొరతతో వకుళగా మళ్ళీ పుట్టిందని, పుట్టలో ఉండగా తలకు గొడ్డలి దెబ్బ తగిలిన శ్రీనివాసుడు ఆమె ఉన్న చోటికి వస్తే, ఆకుపసరుతో కట్టుకట్టి కొడుకుగా చూసుకున్నదని చెప్పాను. ఆ తల్లి దగ్గరకు కొడుకు గాయంతోనే వచ్చాడన్న సంగతి నేను చిన్నప్పటినుంచీ విన్నదే అయినా, నా బిడ్డకు చెబుతుంటే గొంతు పెగల్లేదు.

"మరి ఆ దెబ్బ తగ్గిందా అమ్మా?" అని అడిగింది.

"తగ్గింది. కొన్నాళ్ళు పట్టింది."

అర్చకులు గోత్రనామాలు అడిగారు. మావారి గోత్రం, మా ముగ్గురి పేర్లు చెప్పాక, "రక్తం ఇచ్చినవాళ్ళ పేర్లు కూడా చెప్పమ్మా" అంది పాప. ఎక్కించిన ప్రతి సంచి నంబరూ, తేదీ నేను ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచుతాను. అప్పటికి 103 అయ్యాయి. అందులో పేరు ఒక్కటీ లేదు. ఆ మాటే అర్చకులతో చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఫరవాలేదమ్మా, మనసులో తలచుకోండి" అని సంకల్పం మొదలుపెట్టి, "సహకుటుంబానాం" దగ్గర మావైపు చూసి, ఆ మాటను రెండోసారి పలికారు.