చెవులు కలిసే గుర్రాల దగ్గర మూడు రాత్రులు

నేను వెళ్లింది గుర్రం ఎక్కడానికి. మూడు రోజుల్లో ఎక్కింది ఒక్కసారే, అదీ పది నిమిషాలు. మిగతా సమయమంతా ఒక చూడి గుర్రం పొట్ట వైపు చూస్తూనే గడిచిపోయింది.

ఫిబ్రవరి నెలాఖరులో జోధ్‌పూర్‌లో రైలు దిగి, అక్కడి నుంచి గంటన్నర బస్సులో వెళ్లాను. ఒకప్పుడు నాతో పనిచేసిన మిత్రుడి కుటుంబానికి ఊరి బయట పద్నాలుగు మార్వాడీ గుర్రాలున్నాయి. "ఒకటి ఈ వారంలో ఈనేలా ఉంది, వస్తావా?" అని ఫోన్ చేశాడు. ఆవు ఈనడం చిన్నప్పుడు చూశాను గానీ గుర్రం ఈనడం ఎన్నడూ చూడలేదు. వెంటనే టికెట్ తీసుకున్నాను.

మార్వాడీ గుర్రాన్ని గుర్తుపట్టడానికి చెవులు చాలు. రెండు చెవులూ లోపలికి వంపు తిరిగి, కొసలు దాదాపు ఒకదాన్నొకటి తాకుతుంటాయి. ఒక్కో చెవినీ విడివిడిగా 180 డిగ్రీలు తిప్పగలదు. నేను గేటు తీసిన చప్పుడుకి పద్నాలుగు జతల చెవులు ఒక్కసారిగా నావైపు తిరిగాయి. గుజరాత్‌లోని కాఠియావాడీ గుర్రాలకూ ఇలాంటి చెవులే ఉంటాయి. అందుకే రాణా ప్రతాప్ గుర్రం చేతక్ మాదంటే మాదని రెండు వైపులవాళ్లూ వాదించుకుంటారు. హల్దీఘాటీ యుద్ధం జరిగింది 1576లో. ఆ గొడవ ఇప్పుడు తేలేది కాదు.

గుర్రాల బాగోగులన్నీ చూసేది ఒక పెద్దాయన. ఇంట్లో అందరూ ఆయన్ని 'కాకోసా' అంటారు, అంటే బాబాయిగారు. నేనూ అలాగే పిలిచాను. ఆయన నన్ను మర్యాదగా 'హుకుమ్' అనేవారు. ఇదంతా నా వచ్చీరాని హిందీలోనే సాగింది.

మొదటి ఉదయమే చీవాట్లు తిన్నాను. ఒక గుర్రం వెనక నుంచి నడిచి దగ్గరికి వెళ్లబోయాను. కాకోసా కేక వేశారు. గుర్రం కళ్లు తలకి రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టూ దాదాపు 350 డిగ్రీలు చూడగలదు. దానికి కనపడనివి రెండే చోట్లు. ఒకటి తోక వెనక, రెండోది సరిగ్గా నుదుటి ముందు. నేను వెళ్లింది మొదటి చోటికే! "పక్క నుంచి, మాట్లాడుతూ రండి హుకుమ్" అన్నారు. ఆ తర్వాత మూడు రోజులూ ప్రతి గుర్రంతోనూ తెలుగులో కబుర్లు చెబుతూనే దగ్గరికి వెళ్లాను.

ఆయన రోజూ పొద్దున్నే చేసే మొదటి పని ఒక్కో గుర్రం డొక్కకు చెవి ఆనించి వినడం. నన్నూ వినమన్నారు. లోపల దూరంగా ఉరిమినట్టు గుడగుడమంటోంది. ఆ చప్పుడు వినపడకపోతేనే టెన్షన్.

ఎందుకో ఆయన చెప్పిన తర్వాత గుర్రం మీద నాకున్న అభిప్రాయమే మారిపోయింది. అంత పెద్ద జంతువుకి కడుపు మాత్రం 8 నుంచి 15 లీటర్లు పట్టేంతే. ఆవులా నెమరు వేయదు. గడ్డిలోని పీచు జీర్ణమయ్యేది కడుపు దాటాక, పెద్దపేగు మొదట్లో ఉండే పెద్ద సంచిలో. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. ఆరుబయట వదిలేస్తే రోజులో పదహారు గంటల దాకా కొద్దికొద్దిగా మేస్తూనే ఉంటుంది. అందుకే దానికి పిత్తాశయం కూడా లేదు. తిండి ఆగకుండా వస్తుంటే పిత్తాన్ని దాచుకోవాల్సిన పనేముంది! అన్నిటికన్నా ముఖ్యం, గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపు ముఖద్వారం దగ్గర కండరం అంత బిగువుగా ఉంటుంది. తిన్నది సరిపడకపోయినా, గాలి నిండినా, పేగు మెలిపడినా పైకి దారి లేదు. ఆ కడుపునొప్పినే కోలిక్ అంటారు. గుర్రాల ప్రాణాలు తీసేవాటిలో ముందుండేది అదే. నేలమీద పొర్లుతూ, డొక్కను మాటిమాటికీ తిరిగి చూసుకుంటుంటే వెంటనే డాక్టర్ని పిలవాల్సిందే.

కాబట్టి అక్కడ దాణా ఒకేసారి పెట్టరు. ముందు ఎండుగడ్డి, తర్వాత కొంచెం ఓట్లు, బార్లీ, మళ్లీ గడ్డి. ఏ మార్పు చేసినా వారం పది రోజులు పడుతుందట, లోపలి సూక్ష్మజీవులు అలవాటు పడాలి కదా. గుర్రమంటే ఉలవలే గుర్తొచ్చే నేను ఆ మాట అడిగితే కాకోసా నవ్వి, "తినే గడ్డి గురించి అడగండి, గింజల గురించి తర్వాత" అన్నారు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవాళ్లు ఖర్చు గురించి అన్నారేమో గానీ, ఆ దాణా పెట్టడంలోనే ఇంత చదువుందని నాకు తెలియదు.

రెండో రోజు లాడాలు కొట్టే ఆయన వచ్చాడు. డెక్క మన గోరులాంటిదే, నెలకి దాదాపు సెంటీమీటరు దాకా పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కకపోతే నడక చెడుతుంది. డెక్క అడుగున మెత్తగా, త్రికోణంలా ఉండే భాగంలో మట్టీ పేడా ఇరుక్కుంటే కుళ్లువాసన పట్టేస్తుంది. అందుకే రోజూ మడమ వైపు నుంచి ముందుకు గీరి శుభ్రం చేయాలి. నేనూ ఒక కాలు పట్టుకున్నాను. గుర్రం మర్యాదగా కాలైతే ఇచ్చింది గానీ సగం బరువు నా నడుం మీదే వేసింది.

ఆ సాయంత్రమే నా పది నిమిషాల స్వారీ. గుర్రం మూపు దగ్గర 15 చేతుల ఎత్తు. గుర్రాల లెక్కలో చేయి అంటే నాలుగు అంగుళాలు, అంటే ఐదడుగులన్నమాట. ఈ జాతికి 'రేవాల్' అనే నడక పుట్టుకతోనే వస్తుంది. వేగంగా వెళ్తున్నా ఎగరేయదు. ఇసుకలో పడవ మీద వెళ్తున్నట్టే ఉంది. ఇంకాసేపు తిరిగేవాణ్ణే, ఇంతలో చూడి గుర్రం చనుమొనల మీద మైనంలాంటి చుక్కలు కనిపించాయని కబురొచ్చింది. అంటే ఒకటి రెండు రోజుల్లో ఈనుతుందని గుర్తు.

మిత్రుడి నోటుబుక్కులో అది 338వ రోజు. గుర్రం చూలు సుమారు పదకొండు నెలలు. 320 నుంచి 360 రోజుల మధ్య ఎప్పుడైనా ఈనొచ్చు. పగలు పొడుగయ్యే కాలంలోనే ఎదకు వస్తుంది కనుక, పదకొండు నెలల తర్వాత పుట్టే పిల్లకి మళ్లీ మంచి వాతావరణమే దొరుకుతుంది. ఈనిన వారం పది రోజులకే మళ్లీ ఎదకు వస్తుందట. ఏడాదికో పిల్ల లెక్క అలా కుదురుతుంది.

ఆ రాత్రంతా గడ్డి పరిచిన గది బయట దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. ఏమీ జరగలేదు. గుర్రం నిలబడే కునుకు తీసింది. మోకాళ్ల దగ్గర కీళ్లు బిగించుకుని పడిపోకుండా నిద్రపోగలదు, గాఢ నిద్ర కావాలంటే మాత్రం పడుకోవాల్సిందే. నాకు నిలబడటమూ చేతకాలేదు, నిద్రా రాలేదు.

మూడో రాత్రి గుర్రానికి చెమటలు పట్టాయి, అటూ ఇటూ తిరిగింది. మళ్లీ నెమ్మదించింది. మూడున్నరకి, చలికి ఓర్వలేక, ఇంట్లోకెళ్లి టీ తాగొద్దామన్నాను. ముగ్గురం వెళ్లాం. అరగంట లోపు తిరిగొచ్చేసరికి గడ్డిలో తడితడిగా, ఉమ్మనీటి పొర సగం కప్పుకుని ఒక పిల్ల! చుట్టూ మనుషులుంటే గుర్రం కాన్పు ఆపుకుంటుందట. నొప్పులు మొదలయ్యాక బిడ్డ బయటపడటం ఇరవై ముప్పై నిమిషాల పనే. ఆ సంగతి టీకి ముందే చెప్పి ఉండాల్సింది కదా అని మిత్రుణ్ణి అడిగితే, "నువ్వే కదా చలి అన్నావు" అన్నాడు.

కాకోసా అప్పుడే గడియారం చూసుకున్నారు. గంటలో పిల్ల లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లి మాయ వేయాలి. మూడిట్లో ఏది తప్పినా డాక్టరే. పిల్ల నాలుగుసార్లు ముక్కు మీద పడి, నలభై నిమిషాలకి నిలబడింది. కాళ్లే ఉన్నాయి దానికి, మిగతాదంతా తర్వాత అతికించినట్టుంది. పాల కోసం మాత్రం తల్లి ముందుకాళ్ల మధ్య వెతికింది, గోడని నాకింది, నా చొక్కా చీకింది. మేమెవరం ముట్టుకోకూడదన్నారు. గుర్రప్పిల్లకి కడుపులో ఉండగా తల్లి రోగనిరోధక శక్తి అందదు. అదంతా ముర్రుపాలలోనే వస్తుంది, అదీ మొదటి రోజే ఒంటికి పడుతుంది. గంటా యాభై నిమిషాలకి పొదుగు దొరికింది. తోక చిన్న చీపురులా ఊగడం మొదలైంది.

ఆరున్నరకి మాయ పడింది. కాకోసా దాన్ని నేలమీద పరిచి, చిరిగిన ముక్క లోపలేమైనా మిగిలిందా అని అంచులు కలిపి చూశారు. ఇంతలో ఇంట్లోని పిల్లలు వచ్చి కాళ్ల రంగు చూశారు. నాలుగు కాళ్లూ ముఖమూ తెల్లగా ఉంటే పంచకళ్యాణి. మన కథల్లో విన్న గుర్రమే, అక్కడా అదే పేరు, అదే గౌరవం. దీనికి ముఖం మీద తెల్ల చార ఉంది, మూడు కాళ్లు తెల్లగా ఉన్నాయి. నాలుగోది నల్లగానే ఉండిపోయింది. పిల్లలు నిరాశపడ్డారు. కాకోసా మాత్రం బొడ్డుకి మందు అద్దుతూ తలెత్తనేలేదు.

పుట్టినప్పుడు డెక్కల కొసలకి రబ్బరు వేళ్లలాంటి మెత్తటి తొడుగులున్నాయి. తల్లి కడుపుకి గీసుకోకుండా అట. సాయంత్రం నా బస్సు వేళకి వెళ్లి చూస్తే అవి అప్పటికే అరిగిపోయి, కింద గట్టి డెక్కలు బయటపడ్డాయి. పిల్ల పక్క నుంచి, మాట్లాడుతూ దగ్గరికెళ్లాను. చెవులు రెండూ నావైపు తిప్పింది.