పంచాంగం క్యాలెండర్ మీద 180 టిక్కులు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నన్నాళ్ళూ మా చిట్టి ఇంటి చదువు గురించి నేను అధికారులకి ఇచ్చిన కాగితం ఒక్కటే. "రేపటి నుంచి అమ్మాయిని ఇంట్లోనే చదివించుకుంటాం" అని స్కూలుకి రాసిన నాలుగు లైన్ల ఉత్తరం. అదీ మర్యాద కోసం రాసిందే. పిల్లలు బడికి వెళ్ళాలి, లేదంటే బడి కాని చోట దానికి సమానమైన చదువు అందాలి అంటుంది న్యూజెర్సీ చట్టం. ముందుగా చెప్పమనీ, పరీక్ష రాయించమనీ, రికార్డు చూపించమనీ ఎక్కడా లేదు. ఆ "సమానం" అంటే చదువులో సమానమని, తోటిపిల్లల సావాసంలో సమానం అక్కర్లేదని 1967లోనే అక్కడి కోర్టు మాసా అనే కుటుంబం కేసులో తేల్చేసింది. ఆ తీర్పు చలవతో నేను హాయిగా ఉన్నాను.

2023 జులైలో మా ఆయన ఉద్యోగం మారి ఎక్స్‌టన్‌కి వచ్చిపడ్డాం. డెలావేర్ నది దాటితే పెన్సిల్వేనియా. పాత ఇంటినుంచి కొత్త ఇంటికి రెండు గంటల దారి కూడా లేదు. చట్టాల మధ్య దూరం మాత్రం తెనాలికీ ఢిల్లీకీ ఉన్నంత ఉంది.

ఆ సంగతి నాకు ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతుండగా తెలిసింది. పక్కన నిలబడ్డ ఒకావిడ మాటల్లో మాటగా "మీరు హోమ్‌స్కూలా? అఫిడవిట్ ఇచ్చారా? ఆగస్టు ఒకటి లోపల ఇవ్వాలమ్మా!" అన్నారు. అప్పటికి తేదీ జులై 27. బెండకాయలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. అఫిడవిట్ అంటే మనకి తెలిసింది కోర్టు మెట్లే కదా. మా ఆయన ల్యాప్‌టాప్ లోంచి తలెత్తకుండా "కేసేమన్నా పెడతారా?" అని అడిగి నా కంగారుకి ఇంకాస్త ఆజ్యం పోశారు.

ఆ రాత్రి వాళ్ళూ వీళ్ళూ చెప్పినవి పక్కనపెట్టి చట్టాన్నే తెరిచాను. 1949 నాటి పబ్లిక్ స్కూల్ కోడ్‌లో సెక్షన్ 1327.1. అంతకుముందు పెన్సిల్వేనియాలో ఇంట్లో చదివించాలంటే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఊళ్ళో బడులని నడిపే ఆఫీసు) సూపరింటెండెంట్ దయ ఉండాలి, ఆయన సరేనంటేనే. ఆ పద్ధతి మరీ అస్పష్టంగా ఉందని ఫెడరల్ కోర్టు కొట్టేశాక 1988లో ఈ సెక్షన్ వచ్చింది. చదివితే నాలుగైదు పేజీలు, అంతే. నాకు కావలసిన మాట రెండో పేరాలోనే దొరికింది. మొదటిసారి ఇచ్చేవాళ్ళు చదువు మొదలుపెట్టే ముందు ఇస్తే చాలు, ఆ తర్వాత ఏటా ఆగస్టు 1 లోపు. అంటే ఆవిడ చెప్పింది నిజమే, నాకు మాత్రం వర్తించదు. మర్నాడు వెళ్ళి బెండకాయలు తెచ్చుకున్నాను.

డిస్ట్రిక్ట్‌కి ఇచ్చే అఫిడవిట్‌లో రాయాల్సినవి: చదివించే మనిషి పేరు, పిల్లల పేర్లు, వయసులు, అడ్రసు, ఫోను. చట్టం చెప్పిన సబ్జెక్టులు ఇంగ్లీషులో చెబుతామన్న మాట. టీకాలు, ఆరోగ్య పరీక్షలు అయ్యాయన్న ఆధారం. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళెవరికీ గత ఐదేళ్ళలో ఫలానా రకం నేరాల్లో శిక్ష పడలేదన్న హామీ. చదివించే మనిషికి హైస్కూల్ డిప్లొమా లేదా దానికి సమానమైనది ఉందన్న మాట. సబ్జెక్టులవారీగా ఈ ఏడు ఏం నేర్పాలనుకుంటున్నామో ఒక చిత్తు. నోటరీ అక్కర్లేకుండా సంతకంతో ఇచ్చే డిక్లరేషన్ కూడా ఉంది గానీ, నేను బ్యాంకుకి వెళ్ళి నోటరీయే చేయించుకున్నాను. ముద్ర పడితేగాని మనకి ధైర్యం రాదు.

మా చిన్నాడి పేరు కూడా రాసేశాను మొదట. వాడికి ఐదేళ్ళు. ఇక్కడ నిర్బంధ చదువు ఆరేళ్ళకి మొదలై పద్దెనిమిది దాకా నడుస్తుంది (2020కి ముందు ఎనిమిదేళ్ళకి మొదలయ్యేదట). బడి మొహమే చూడని ఐదేళ్ళవాడికి అఫిడవిట్ ఎందుకు? కొట్టేసి మళ్ళీ ప్రింటు తీశాను.

హైస్కూల్ డిప్లొమాకి సమానమంటే మన ఇంటర్. అడిగితే చూపించాల్సి వస్తుందేమోనని తెనాలికి ఫోన్ చేసి నాన్నని బీరువాలోంచి నా ఇంటర్ మార్కుల మెమో తీసి పంపమన్నాను. "బీటెక్ పట్టా ఉందిగా అమ్మడూ, ఇంటర్‌దెందుకు?" అంటూనే పంపారు. ఫొటోలో ఒక మూల ఆయన బొటనవేలు. ఆ మెమో ఇప్పటివరకూ ఎవరూ అడగలేదు.

అడిగింది టీకాల పుస్తకం. చిట్టి గుంటూరులో పుట్టింది, రెండేళ్ళ వరకూ సూదులన్నీ అక్కడే. ఎడిసన్ స్కూల్లో ఏ నర్సమ్మో సరిగ్గానే చదువుకున్నట్టుంది, మాట రాలేదు. ఇక్కడ మాత్రం వారం రోజులకి ఉత్తరం వచ్చింది: ఎమ్ఎమ్ఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) మొదటి పుట్టినరోజు కంటే ముందే వేశారు, అది చెల్లదు. పుస్తకం తీసి చూస్తే 05/09/16 అని ఉంది. మనకది సెప్టెంబర్ 5, వాళ్ళకి మే 9. పాప పుట్టినరోజు మే 20. పదకొండు రోజుల తేడాలో పడి పిల్లకి ఇంకో సూది పడేది! డాక్టరు చేత నెల పేరు అక్షరాల్లో రాయించి పంపితే సరిపోయింది. చిట్టిది మూడో తరగతి, దానికి పళ్ళ డాక్టరు పరీక్ష కూడా ఉండాలి, అదీ అప్పుడే చేయించేశాం.

ఇక నా గొప్ప. ఏం నేర్పుతామో చిత్తు అన్నారు కదా, నేను పదకొండు పేజీలు రాశాను. వారాలవారీ పాఠాలు, పుస్తకాల పేర్లు, లెక్కల్లో ఏ నెలకి ఏ అధ్యాయం. ఒకసారి మేనేజర్లకి ప్రాజెక్ట్ ప్లాన్లు రాసిన చెయ్యి ఊరుకోదు. తీరా చట్టంలో ఆ వాక్యం పక్కనే ఇంకో వాక్యం ఉంది: ఈ చిత్తుని పట్టుకుని మీరు చట్టం తప్పారని సూపరింటెండెంట్ తేల్చడానికి వీల్లేదు. అంటే నేను రాసిన పదకొండు పేజీలూ ఎవరి పనికీ రానివి. తగ్గించి తగ్గించి ఒక పేజీకి తెచ్చాను. లెక్కలకి రాసింది మూడు వాక్యాలు.

అయినా డిస్ట్రిక్ట్ ఆఫీసు నుంచి మెయిల్ రానే వచ్చింది. టైమ్‌టేబుల్ పంపండి, పాఠ్యపుస్తకాల జాబితా పంపండి, జూన్‌లో పిల్ల ఫైలంతా ఆఫీసుకి తెచ్చి ఇవ్వండి. కడుపులో తిప్పినట్టయింది. కొత్త ఊరు, వీసా మీద ఉన్న సంసారం, గవర్నమెంటువాళ్ళు అడిగితే ఇచ్చేయడమే మనకి అలవాటు. మా ఆయన కూడా "ఇచ్చేద్దాం, పోయేదేముంది" అన్నారు. నాకెందుకో మనసొప్పలేదు. ఈసారి ఇస్తే వచ్చేసారి అదే ఆనవాయితీ అవుతుంది, నా తర్వాత వచ్చేవాళ్ళని కూడా అడుగుతారు. రెండు రోజులు ఆగి మెత్తగానే రాశాను: చట్టం అడిగినవన్నీ ఇచ్చాను, టైమ్‌టేబుల్ అందులో లేదు, 2014లో వచ్చిన 196వ చట్టం తర్వాత ఫైలు చూసేది ఏడాది చివర మేం పెట్టుకునే ఇవాల్యుయేటర్ (చదువు ఎలా సాగిందో చూసి చెప్పే మనిషి) మాత్రమే, డిస్ట్రిక్ట్‌కి రావాల్సింది ఆ మనిషిచ్చే ధ్రువపత్రం ఒక్కటే. మర్నాడు ఒక్క లైను జవాబు. థాంక్యూ, మీ కాగితాలు అందాయి. పాపం ఆ అమ్మాయి కుట్రేమీ చేయలేదని, ఎప్పటిదో పాత ఫారం పంపుతూ ఉందని తర్వాత అర్థమైంది.

ఇదంతా జరుగుతుండగా మా అత్తయ్య ఫోను. "పిల్లని బడి మానిపించారటగా? అక్కడ పోలీసులు రారూ?" మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వరకూ చదువు హక్కు అంది గానీ ఇంట్లో చదివించుకునేవాళ్ళ గురించి ఇలా ఫారాలూ తేదీలూ పెట్టలేదు. హైదరాబాద్‌లో నా స్నేహితురాలు తన కొడుకుని ఎన్ఐఓఎస్‌లో (జాతీయ ఓపెన్ స్కూల్) పదో తరగతి రాయిస్తానంటోంది, అంతదాకా ఆమె ఎవరికీ ఏదీ చూపించక్కర్లేదు. "ఇక్కడ కాగితాలు రాసిస్తే పోలీసులు రారు అత్తయ్యా" అన్నాను. "అయితే బాగా రాయి" అన్నారావిడ.

రాయడం అసలు అప్పుడే మొదలైంది. ఏడాదికి 180 రోజులు, లేదా ప్రైమరీ పిల్లలకి 900 గంటలు. గంటలు లెక్కపెట్టడం నావల్ల కాదని రోజులే ఎంచుకున్నాను. ఫ్రిజ్ పక్కన ఎడిసన్ ఓక్‌ట్రీ రోడ్డులో స్వీట్ షాపువాళ్ళిచ్చిన తెలుగు క్యాలెండర్ ఉంది. తిథి, నక్షత్రం, రాహుకాలం కింద కొంచెం తెల్లగా జాగా ఉంటుంది చూడండి, అక్కడ ఎర్ర పెన్నుతో టిక్కు. శనివారం మ్యూజియానికి వెళ్ళినా టిక్కే. సంక్రాంతికి మూడు వారాలు తెనాలి వెళితే అక్కడా చదువుకుంది, అక్కడా టిక్కులే. ఇంట్లోనే కూర్చుని చదవాలని చట్టంలో లేదు.

సబ్జెక్టుల జాబితాలో లెక్కలు, సైన్సు, భూగోళం, అమెరికా చరిత్రతో పాటు పెన్సిల్వేనియా చరిత్ర, సంగీతం, బొమ్మలు ఉన్నాయి. వాటి మధ్య ఒకటి చూసి నవ్వొచ్చింది: భద్రత, అందులోనూ అగ్నిప్రమాదాల గురించి క్రమం తప్పకుండా, ఆపకుండా నేర్పాలి. మా అపార్ట్‌మెంట్‌లో పొయ్యికి ఆరడుగుల దూరంలో స్మోక్ అలారం. ఎండుమిరపకాయలు వేగీ వేగకముందే ఊరంతా వినేలా మోగుతుంది. ఆవాలు చిటపటలాడాయంటే చిన్నాడు టవల్ పట్టుకుని దాని కింద విసరడానికి రెడీ. ఒకరోజు ఆ మోతలోనే పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి, నిజంగా మంటలొస్తే అందరం మెయిల్‌బాక్సుల దగ్గర కలుసుకోవాలని చెప్పాను. ఇంటి మ్యాపు గీయించి బయటికెళ్ళే దారులు ఎర్రగా గీయమన్నాను. ఆ మ్యాపు ఫైల్లో పెట్టాను. చారు మాడిన రోజది.

నన్ను ఏడిపించింది చదివిన పుస్తకాల లాగ్. చట్టంలో దానికి ఒక మెలిక ఉంది: చదువు జరుగుతున్నప్పుడే రాయాలి, పుస్తకం పేరుతో సహా. జూన్‌లో కూర్చుని ఏడాదిది వండకూడదు. సెప్టెంబరు, అక్టోబరు బుద్ధిగా రాశాను. నవంబర్‌లో చిన్నాడికి జ్వరం, దీపావళి, చుట్టాలు. తెరిచి చూసేసరికి ఆరు వారాలు ఖాళీ. గుర్తున్నవేవో ఊహించి రాసేద్దామా అనిపించింది, నిజం చెప్పొద్దూ. అంతలో కారు సీటు కింద లైబ్రరీ రసీదులు కనిపించాయి, చిప్స్ కవర్లతో కలిసి. ఒక్కోదాని మీద తీసుకున్న పుస్తకాల పేర్లు, తిరిగివ్వాల్సిన తేదీ. ఇస్త్రీ చేసినంత పని పెట్టుకుని సాపు చేసి, కాగితం మీద అంటించి అవే ఫైల్లో పెట్టాను. ఆ తర్వాత లాగ్ నోట్‌బుక్కు చిట్టి చేతికే ఇచ్చేశాను. రాత్రి పడుకునే ముందు తనే రాసుకుంటుంది. స్పెల్లింగులు తప్పులే. దిద్దలేదు.

సబ్జెక్టులు ఇంగ్లీషులో అన్నారు కదా, తెలుగు పుస్తకాలు లాగ్‌లో రాయొచ్చా అని ఇంట్లో పెద్ద చర్చ. నాకర్థమైంది ఇది: చట్టం పేరు పెట్టి చెప్పిన సబ్జెక్టులు ఇంగ్లీషులో అందాలి. వాటిపైన మనం ఇంకేం నేర్పినా కాదనేవాళ్ళు లేరు. తాతయ్య తెనాలి నుంచి పంపిన తెనాలి రామలింగడి కథల్ని లాగ్‌లో తెలుగు లిపిలోనే రాయించాను.

మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లో మాత్రం చదవడం, లెక్కల్లో పరీక్ష రాయించాలి. రాష్ట్రం ఒప్పుకున్న జాబితాలోంచి నేను కాలిఫోర్నియా అచీవ్‌మెంట్ టెస్టు ఎంచుకున్నాను. పేరు కాలిఫోర్నియా, రాసేది పెన్సిల్వేనియాలో, పిల్ల గుంటూరుది. పరీక్ష పెట్టేది తల్లిదండ్రులు కాకూడదు. అందుకని బెండకాయల దగ్గర నన్ను హడలెత్తించిన ఆ అక్కయ్యనే అడిగాను. ఆవిడ వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద చిట్టిని కూర్చోబెట్టి, గడియారం ముందు పెట్టుకుని రాయించారు. నేను బయట కారులో కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. పాస్ మార్కంటూ చట్టంలో ఏదీ లేదు, ఫలితం ఫైల్లో ఉంటే చాలు. అయినా కొరుక్కున్నాను.

మే నెలాఖరుకి ఇవాల్యుయేటర్. ధ్రువపత్రం ఉన్న టీచరైతే, ప్రైమరీ పిల్లలకి కనీసం రెండేళ్ళు చదువు చెప్పి మార్కులు వేసిన అనుభవం ఉండాలి. మా ఆయనో నేనో కాకూడదు. ఫీజు మనమే ఇచ్చుకోవాలి. రిటైరైన టీచరమ్మ ఒకావిడ లైబ్రరీలో చిన్న గది తీసుకుని రమ్మన్నారు. నేను మూడంగుళాల బైండర్ మోసుకెళ్ళాను. ఆవిడ దాన్ని పావుగంటలో తిరగేసి, పక్కన పెట్టి, చిట్టి వైపు తిరిగారు. పిల్లతో మాట్లాడడం చట్టంలో ఉన్న పనే.

"ఇంట్లో మంటలొస్తే ఏం చేస్తావ్?"

"మెయిల్‌బాక్స్ దగ్గరికి వెళ్తాను. కానీ ముందు అమ్మ పోపు వేస్తోందేమో చూస్తాను."

పోపంటే ఏంటో ఆవిడకి చెప్పడానికి మాకు ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత ఆ రెండు క్యాలెండర్లూ చూశారు, 2023ది, 2024ది. టిక్కుల పైన గడుల్లో ఉన్న ఆ అక్షరాలేంటని అడిగారు. రాహుకాలం అంటే పని మొదలుపెట్టకూడని వేళ అని చిట్టి చెప్పింది. "ఆ టైములో లెక్కలు చేస్తారా మీరు?" అన్నారావిడ. "అమ్మ చేయిస్తుంది" అంది నా కూతురు, ఫిర్యాదు చేస్తున్నట్టే. టిక్కులు లెక్కపెడితే 187.

సరైన చదువు జరుగుతోందని ఆవిడ రాసిన ఒక్క పేజీ ఉత్తరాన్ని జూన్ 30 లోపు డిస్ట్రిక్ట్‌కి ఇవ్వాలి. పన్నెండో తారీఖునే వెళ్ళి ఇచ్చేశాను, కాపీ మీద తేదీ ముద్ర వేయించుకున్నాను. ఏడాదంతా మోసిన బైండర్ ఎవరూ అడగకుండా మా అలమరలో ఉంది.

పెన్సిల్వేనియాలో కొత్త విద్యా సంవత్సరం జులై 1న మొదలవుతుంది. ఆ పొద్దున నేను ఆవాలు వేస్తుంటే చిట్టి ఎర్ర పెన్ను పట్టుకుని క్యాలెండర్ ముందు నిలబడింది.

"అమ్మా, ఇవాళ లెక్కేనా?"

అలారం మోగింది. చిన్నాడు టవల్ కోసం పరిగెత్తాడు.

"లెక్కే" అన్నాను.