అమెరికా సంబంధం: ముహూర్తం కంటే ముందు తేల్చుకోవాల్సింది వీసా

"అబ్బాయి అమెరికాలో ఉంటాడు" అనగానే మన హనుమకొండ, కాజీపేట ఇళ్లలో మాటలు జీతం మీదికి, ఊళ్లో భూమి మీదికి పోతాయి. ఏ స్టేటస్ మీద ఉన్నాడని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా, "గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఉందండీ" అనగానే తలూపి ఊరుకుంటారు. ఆ ఒక్క ముక్కకు నాలుగు అర్థాలున్నాయి. కంపెనీ ఇంకా మొదటి మెట్టు పర్మ్ (అమెరికా కార్మిక శాఖ అనుమతి) దగ్గరే ఉండొచ్చు. కంపెనీ అతని కోసం వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉండొచ్చు. చివరి మెట్టు ఐ-485, అంటే అక్కడ ఉండగానే వేసే గ్రీన్‌కార్డు దరఖాస్తు, పెండింగ్‌లో ఉండొచ్చు. లేదా ఏమీ వేయకపోయి ఉండొచ్చు. పెళ్లయిన మూడు నెలలకే అమ్మాయి విమానం ఎక్కుతుందా, ఏళ్ల తరబడి పుట్టింట్లోనే ఎదురుచూస్తుందా అన్నది ఈ కాగితాన్ని బట్టే తేలుతుంది. (అమ్మాయి అక్కడ, అబ్బాయి ఇక్కడ ఉన్నా లెక్క ఇదే.)

ముందు అబ్బాయి అమెరికా సిటిజన్ అనుకుందాం. అప్పుడు దారులు రెండు. పెళ్లికి ముందు వెళ్లేది కే-1, అంటే ఫియాన్సీ వీసా. పెళ్లి చేసుకుని వెళ్లేది సీఆర్-1 లేదా ఐఆర్-1, అంటే భార్య హోదాలో ఇమిగ్రెంట్ వీసా. కే-3 అని ఇంకోటి కాగితాల మీద ఉంది కానీ ఇప్పుడు దాదాపు ఎవరికీ రావడం లేదు, దాని జోలికి పోకండి.

కే-1 "తొందరగా అయిపోతుంది" అని ఇప్పటికీ చెప్తుంటారు. ఆ తేడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఐ-129ఎఫ్‌కు (కే-1 పిటిషన్) ఎంత కాలం, ఐ-130కి (భార్య కోసం వేసే పిటిషన్) ఎంత కాలం పడుతోందో అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో పక్కపక్కన పెట్టి చూశాకే నమ్మండి. డబ్బు లెక్క మాత్రం సూటిగా చెప్పొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి అమలైన రుసుముల ప్రకారం ఐ-129ఎఫ్‌కు 675 డాలర్లు, వీసా ఫీజు 265, అక్కడికెళ్లి పెళ్లి చేసుకున్నాక ఐ-485కు 1,440. మొత్తం 2,380. సీఆర్-1కు ఐ-130 ఆన్‌లైన్‌లో వేస్తే 625, ఇంటర్వ్యూకు ముందు కాగితాలు చూసే ఎన్‌వీసీ (నేషనల్ వీసా సెంటర్) దగ్గర 325, స్పాన్సర్ కాగితాలకు 120, ప్రయాణానికి ముందు యూఎస్‌సీఐఎస్ ఇమిగ్రెంట్ ఫీజు 235. మొత్తం 1,305. మెడికల్ ఖర్చు రెండింటికీ వేరే.

డబ్బు కంటే పెద్ద తేడా అమ్మాయి దిగిన తర్వాత తెలుస్తుంది. సీఆర్-1 మీద దిగిన రోజు నుంచే ఆమె గ్రీన్‌కార్డు హోల్డర్. ఉద్యోగంలో చేరొచ్చు, నాన్నకు బాగాలేదంటే వెంటనే వరంగల్ వచ్చి తిరిగి వెళ్లొచ్చు. కే-1 మీద దిగితే 90 రోజుల్లో, పిటిషన్ వేసిన ఆ అబ్బాయినే పెళ్లి చేసుకోవాలి. తర్వాత ఐ-485 వేసి ఈఏడీ (పని అనుమతి కార్డు) వచ్చేదాకా జాబ్ లేదు. అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్లి తిరిగి రావడానికి అనుమతి) చేతికి రాకముందే దేశం దాటితే ఆ ఐ-485ను వదులుకున్నట్టే లెక్క. అబ్బాయితో కుదరకపోయినా అక్కడే ఉండి ఇంకో స్టేటస్‌కు మారే వీలు లేదు. మన దగ్గర పెళ్లి ఎలాగూ ఇక్కడే చేస్తాం కాబట్టి నూటికి తొంభై కుటుంబాలకు సీఆర్-1నే సరైనదని నా అభిప్రాయం.

అయినా కే-1నే ఎంచుకున్నవాళ్లు చూసుకోవాల్సింది నిశ్చితార్థం ఫోటోలు. కే-1కు ఉండాల్సిన మొదటి అర్హత ఇద్దరికీ ఇంకా పెళ్లి కాకపోవడం. మన నిశ్చితార్థం ఇప్పుడు ఎలా జరుగుతోంది? ఏసీ ఫంక్షన్ హాల్, స్టేజీ, పట్టుచీర, మెడలో దండలు, నెత్తిన అక్షింతలు, వెనక పంతులు గారు, ముందు మూడొందల మంది. ఆ ఆల్బమ్ చూసిన ముంబయి కాన్సులేట్ వీసా ఆఫీసర్‌కు అది లగ్నపత్రిక రాసుకున్న రోజు అని తెలియదు, పెళ్లిలాగే కనిపిస్తుంది. "వీళ్లకు పెళ్లయిపోయింది, ఫియాన్సీ వీసా కుదరదు" అని రాస్తే ఫైలు యూఎస్‌సీఐఎస్‌కు తిరిగిపోతుంది, అప్పుడు మళ్లీ ఐ-130 నుంచి మొదలు. కాబట్టి కే-1 వేసేవాళ్లు ఉంగరాలు మార్చుకోవడంతో సరిపెట్టుకోవాలి. దండలు, హోమం, తలంబ్రాల్లాంటివి ఏవీ వద్దు. ఫేస్‌బుక్‌లో మేనమామ "హ్యాపీ మ్యారీడ్ లైఫ్" అని కామెంట్ పెట్టకుండా చూసుకోవాలి. ఇది జోక్ కాదు.

కే-1కు ఇంకో షరతు: పిటిషన్ వేసే నాటికి గడిచిన రెండేళ్లలో ఇద్దరూ ఒక్కసారైనా ఎదురుగా కలిసి ఉండాలి. ఆచారం ఒప్పుకోదన్న కారణంతో మినహాయింపు అడిగే వీలుంది. కానీ పెళ్లిచూపులున్న ఇంట్లో ఆ వాదన ఎలా నిలుస్తుంది?

ఇక మన దగ్గర బాగా జరిగే పొరపాటు. అబ్బాయికి సెలవు పది రోజులే. "ఇప్పుడు రిజిస్ట్రేషన్ చేయించేద్దాం, ఐ-130 వేసుకుంటాడు, పెళ్లి మాఘంలో ఘనంగా చేద్దాం" అంటారు. హిందూ వివాహ చట్టం 8వ సెక్షన్ కింద జరిగేది అప్పటికే అయిన పెళ్లికి రుజువు రాయించుకోవడమే, అదే పెళ్లి కాదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇదే సంగతి గట్టిగా చెప్పింది: 7వ సెక్షన్ ప్రకారం తంతు జరగకపోతే సర్టిఫికెట్ ఉన్నా అది హిందూ వివాహం కాదని. వీసాల కోసం ముందే రిజిస్టర్ చేయించే పద్ధతిని కూడా ఆ తీర్పులో తప్పుపట్టింది. పైగా సర్టిఫికెట్‌లో ఒక తేదీ, శుభలేఖలో ఆర్నెల్ల తర్వాత ఇంకో తేదీ ఉంటే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

నిజంగా తొందరుంటే రెండు మార్గాలున్నాయి. గుళ్లో పద్ధతి ప్రకారం పెళ్లి చేసి, జరిగిన పరిధిలోని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అదే తేదీతో రిజిస్టర్ చేయించడం ఒకటి. గుడి ఇచ్చిన రశీదు ఆధారంగా పనికొస్తుంది కానీ మ్యారేజ్ సర్టిఫికెట్‌కు బదులు కాదు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ రెండోది. దీనికి హోమం అక్కర్లేదు, ఆఫీసర్ ముందు ముగ్గురు సాక్షులతో జరిగేదే పూర్తి వివాహం. కానీ ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉండాలి, నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి. పది రోజుల సెలవుతో వచ్చినవాడికి ఇది సరిపోదు, ముందే లెక్క వేసుకోవాలి. వీడియో కాల్‌లో పెళ్లి చేసుకుని ఐ-130 వేయడం అసలు వద్దు. పెళ్లి వేళకు ఇద్దరూ ఒకచోట లేకపోతే, ఆ తర్వాత కాపురం జరిగితే తప్ప అమెరికా చట్టం ఆ పెళ్లిని లెక్కలోకి తీసుకోదు.

అబ్బాయిది గ్రీన్‌కార్డు అయితే దారి ఎఫ్2ఏ, అంటే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల భార్యాపిల్లల కేటగిరీ. దీనికి ఏటా ఇచ్చే వీసాలకు పరిమితి ఉంది, అందుకే క్యూ. 2023 ఏప్రిల్ వీసా బులెటిన్‌తో ఆ క్యూ మళ్లీ మొదలైంది. ఈలోగా విజిట్ వీసా మీద వెళ్లొద్దామంటే, ఇమిగ్రెంట్ పిటిషన్ ఉన్న భార్యకు అది ఇవ్వడానికి కాన్సులేట్ వెనకాడుతుంది. అబ్బాయికి సిటిజన్‌షిప్ వస్తే అదే పిటిషన్ పరిమితి లేని ఐఆర్ (సిటిజన్ దగ్గరి బంధువుల) కేటగిరీకి మారిపోయి క్యూ తప్పుతుంది. ఆ సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కాపీ ఎన్‌వీసీకి పంపాల్సిన పని మాత్రం మీదే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉండి ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు క్యూలో అతని తేదీ) దగ్గరపడ్డ అబ్బాయి విషయంలో. అతని ఐ-485 అప్రూవ్ అయ్యే నాటికి పెళ్లయి ఉంటే అమ్మాయి అతని కేసులోనే డిపెండెంట్. ఇక్కడే ఉన్నా, అతను వేసే ఐ-824 ఫారం ద్వారా అదే ప్రయారిటీ డేట్ మీద ఇమిగ్రెంట్ వీసాకు వెళ్తుంది. అప్రూవ్ అయిన మర్నాడు పెళ్లయితే ఆ హక్కు లేదు. హెచ్-1బీ పోయింది కాబట్టి హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్యకు ఇచ్చే వీసా) కూడా లేదు. మిగిలింది ఎఫ్2ఏ క్యూ. "ఆషాఢం పోనీ", "మూఢం అయిపోనీ" అని వాయిదా వేసే పెద్దవాళ్లకు ఈ ఒక్క సంగతి కూర్చోబెట్టి చెప్పాలి. ఆ మూడు నెలల ఆలస్యానికి ఏళ్ల ఎడబాటు మూల్యం కావొచ్చు.

ప్రయారిటీ డేట్ ఇంకా చాలా దూరం ఉంటే హెచ్-4 సులువు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లోనే ఇంటర్వ్యూ, ఫీజు 205 డాలర్లు. కానీ హెచ్-4 మీద ఉద్యోగం కావాలంటే సాధారణంగా భర్త ఐ-140 అప్రూవ్ అయి ఉండాలి, ఆ తర్వాత ఈఏడీ తీసుకోవాలి. అమ్మాయి ఇక్కడ మంచి జాబ్ మానేసి వెళ్తోందంటే పెళ్లిచూపుల్లో అడగాల్సిన ప్రశ్న ఇదే. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. ఎల్-2, అంటే కంపెనీ బదిలీ వీసా (ఎల్-1) మీద వెళ్లినవాళ్ల భార్యకు, విడిగా ఈఏడీ అవసరం లేదు. ఎఫ్-2, అంటే విద్యార్థి భార్యకు, ఉద్యోగం లేదు, ఫుల్‌టైమ్ డిగ్రీ చదువూ లేదు.

కాగితాల విషయానికొస్తే, ఇమిగ్రెంట్ కేసుల్లో ఎక్కువ మంది ఆగిపోయేది బర్త్ సర్టిఫికెట్ దగ్గర. తొలి కాన్పు పుట్టింట్లో కదా. అమ్మాయి పెరిగింది హనుమకొండలో అయినా పుట్టింది అమ్మమ్మ గారి ఊళ్లో. రికార్డు ఉంటే అక్కడి పంచాయతీలో లేదా మున్సిపాలిటీలో ఉంటుంది. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లో ఎంత వెతికినా దొరకదు. దొరికిన సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే, మీ సేవలో పేరు చేర్పించాలి. అమ్మానాన్నల పేర్లు ఇద్దరివీ ఉండాలి. అసలు నమోదే కాకపోతే ఆర్డీఓ ఉత్తర్వుతో ఆలస్య నమోదు చేయించొచ్చు. కానీ పాతికేళ్ల తర్వాత నమోదైన సర్టిఫికెట్ ఒక్కటే పెడితే నమ్మకం చాలదు, పక్కన టెన్త్ మెమో లాంటి పాత ఆధారం పెట్టాలి.

పుట్టిన చోటు ఇంకో తిరకాసు. 2014కు ముందు పాస్‌పోర్టులో వరంగల్, ఆంధ్రప్రదేశ్. 2016 తర్వాత కాగితాల్లో వరంగల్ అర్బన్. 2021 తర్వాత హనుమకొండ జిల్లా. మూడూ ఒకే చోటు. డీఎస్-260లో, అంటే ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తులో, పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపండి, అడిగితే జిల్లా పేర్లు మారిన సంగతి చెప్పండి. ఇంటిపేరు దగ్గర మాత్రం ఇంత తేలిక కాదు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే వీసా మీద అమ్మాయి పేరు సర్‌నేమ్ స్థానంలోకి వెళ్లి, మొదటి పేరుగా ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని) పడుతుంది. ఆ తర్వాత సోషల్ సెక్యూరిటీలో, డ్రైవింగ్ లైసెన్సులో అదే తలనొప్పి. పిటిషన్ వేయకముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా రాయించుకోండి. పుట్టింటి పేరైనా పర్వాలేదు, అత్తింటి పేరు పెట్టి తీరాలన్న రూలేమీ లేదు. కేసు మధ్యలో మాత్రం మార్చకండి.

పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా వచ్చిందే పనికొస్తుంది. కమిషనరేట్ నుంచి తెచ్చుకున్నది ఎన్‌వీసీ తిప్పి పంపుతుంది. ఎవరికైనా అంతకుముందు పెళ్లయి ఉంటే కోర్టు డిక్రీ కావాలి. పెద్దమనుషుల ముందు రాసుకున్న స్టాంప్ పేపర్‌తో ముంబయిలో పని జరగదు. స్పాన్సర్ ఆదాయం ఐ-864కు (పోషణ బాధ్యత తనదేనని ఇచ్చే హామీ పత్రం) పావర్టీ గైడ్‌లైన్‌లో, అంటే అమెరికా ప్రభుత్వ పేదరిక పరిమితిలో, కనీసం 125 శాతం ఉండాలి. ఇద్దరి కుటుంబానికి 2025 లెక్కలో 26,437 డాలర్లు. మన ఐటీ అబ్బాయిలకు ఇది సమస్య కాదు. మధ్యలో జాబ్ పోయినవాళ్లకు మాత్రం జాయింట్ స్పాన్సర్ వెతుక్కోవాల్సి వస్తుంది.

మెడికల్‌ను ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందుకు పెట్టుకోవద్దు. ఛాతీ ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనిపించినా మూడు సార్లు కఫం పరీక్ష, కల్చర్ రిపోర్టుకు ఎనిమిది వారాలు. చిన్నప్పుడు మందులు వాడి ఉంటే ఆ చీటీలు, పాత ఎక్స్‌రేలు వెతికి పట్టుకెళ్లండి.

వీసా పడ్డాక టికెట్ బుక్ చేసే ముందు పెళ్లి తేదీ ఒకసారి చూసుకోండి. అమెరికాలో దిగే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే సీఆర్-1, కార్డు రెండేళ్లకే ఇస్తారు. అది అయిపోయే ముందు 90 రోజుల్లో 750 డాలర్లు కట్టి ఐ-751 వేసి, కాపురం నిజమేనని మళ్లీ రుజువు చేయాలి. రెండేళ్లు నిండితే ఐఆర్-1, పదేళ్ల కార్డు. వీసా గడువు సాధారణంగా ఆరు నెలల దాకా ఉంటుంది కాబట్టి, రెండో పెళ్లిరోజు ఇంకో రెండు మూడు వారాల్లోనే ఉంటే అది ఇక్కడే చేసుకుని, తర్వాతి రోజుల్లో ఫ్లైట్ ఎక్కండి. వీసా మీద సీఆర్-1 అని ఉన్నా, దిగాక ఇమిగ్రేషన్ కౌంటర్‌లో మ్యారేజ్ సర్టిఫికెట్ చూపించి ఐఆర్-1గా మార్చి ముద్ర వేయమని అడగాలి.