ప్రభుత్వ ఖర్చు, పేదరికం: ఈ టాపిక్ నాకు అమ్మ జాబ్ కార్డు చూశాకే అర్థమైంది

ఫ్రెండ్స్, గ్రూప్-1 మెయిన్స్‌కి ఎకానమీ చదివేవాళ్లకి ఈ ఒక్క టాపిక్ గురించి చెప్దామని రాస్తున్నా. టెస్ట్ సిరీస్‌లో "ప్రభుత్వ వ్యయం పేదరికాన్ని తగ్గిస్తుందా" అని అడిగితే నేను గరీబీ హటావో నుంచి మొదలుపెట్టి స్కీముల పేర్లన్నీ వరసగా రాసేశా, దిద్దిన సార్ పక్కన ఒకటే ముక్క రాశారు, "డబ్బు ఎలా చేరింది?" అని. పదికి మూడు.

తర్వాత ఊరెళ్లినప్పుడు అమ్మ జాబ్ కార్డు (ఉపాధి హామీలో చేసిన పని, కూలి రాసే పుస్తకం) తీసి కూర్చున్నా. మాది అనంతపురం జిల్లా, 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే. అమ్మ మాత్రం కరువు పని అనే అంటుంది. తవ్విన గుంతకి టేపు పెట్టి కొలిచి కూలి కట్టేవాళ్లు, "గట్టి నేల పడితే పొద్దన్నుంచి తవ్వినా గిట్టదు నాయనా" అంది. 2005 చట్టం ప్రకారం 15 రోజుల్లో కూలి పడాల్సింది, అమ్మకి ఒకసారి రెండు నెలలు దాటింది, ఈలోపు వడ్డీకి తెచ్చి ఇల్లు నడిపింది. లెక్కల్లో పని అయిపోయింది, మా ఇంట్లో అప్పు పెరిగింది. అదే టైంలో ఇంకోటి కూడా జరిగింది, ఎండాకాలం ఊర్లోనే పని దొరికేసరికి రైతులు ఆడవాళ్ల కూలి పెంచక తప్పలేదు, అంటే ఉపాధి పనికి పోనివాళ్లకి కూడా లాభమే. ఈ పాయింట్ నేను చదివిన ఏ నోట్సులోనూ లేదు.

లెక్కలు తక్కువే చాలు. పేదరికాన్ని లెక్కగట్టిన టెండూల్కర్ కమిటీ పద్ధతిలో పేదరికం 2004-05లో 37.2 శాతం, 2011-12లో 21.9, అదే 2011-12కి రంగరాజన్ కమిటీ లెక్క 29.5, కాబట్టి ఏ కమిటీ పేదరిక గీత వాడుతున్నారో ముందే రాయండి. ఆ తగ్గుదల మొత్తం స్కీముల ఖర్చు వల్లే అని మాత్రం రాయొద్దు, ఆ ఏళ్లలో గ్రోత్ కూడా బాగుంది, పల్లెల్లో కూలి రేట్లూ పెరిగాయి. కూలి డబ్బు రెవెన్యూ వ్యయం (ఆస్తి మిగలని రోజువారీ ఖర్చు) కదా దండగ అని రాసేవాళ్లని చూశా, చాలా బాధేసింది, ఆ కూలితో తవ్విన కుంటలో ఇప్పటికీ వానాకాలం నీళ్లు నిలుస్తాయి.

రెండోసారి అదే ప్రశ్నకి ఆరున్నర వచ్చింది. ఇప్పుడు సోషల్ ఆడిట్ చదువుతున్నా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) ఊరి జనం ముందు చదివి ఎవరికి ఎంత ముట్టిందో అడిగేవాళ్లు, లీకేజీల గురించి, అంటే మధ్యలో మాయమయ్యే డబ్బు గురించి రాసేటప్పుడు దీన్ని వదలకండి.