ఈరీ సరస్సు ఒడ్డున సీసపు దారం పని

ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డునున్న ఒక గాలపు సామాన్ల దుకాణంలో నేను చేసే పనిలో పెద్ద భాగం, ఇతరుల రీళ్లకు లెడ్ కోర్ అనే సీసపు గాలపు దారం ఎక్కించి ఇవ్వడం. అక్క వేసిన పిటిషన్ మీద, ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరవాత, నడివయసులో ఈ దేశం వచ్చినవాణ్ణి కనుక కంప్యూటరు ఉద్యోగాల ఊసు నాకు లేదు. భీమవరంలో రొయ్యల మేత అమ్మేవాణ్ణి. ఏ మేత వాడమంటారని రైతు అడిగితే చెరువు లోతెంత, నీళ్లు ఏ రంగులో ఉన్నాయని ఎదురడగడం అక్కడ అలవాటైంది. లెడ్ కోర్ కొనడానికి వచ్చినవారిని కూడా నేను మొదట అడిగేది ఏ నీళ్లలో, ఏ నెలలో వేస్తారన్నదే. దారం సంగతి ఆ తరవాత తేలుతుంది.

ఇక్కడివారు ప్రాణంగా వేటాడే వాల్‌ఐ, పెర్చ్ కుటుంబానికి చెందిన మంచినీటి చేప. దాని కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉండడంవల్ల మసక వెలుతురులో, కలక నీళ్లలో కూడా ఆహారాన్ని సులువుగా పట్టుకుంటుంది. దీన్ని పట్టే పద్ధతుల్లో ముఖ్యమైనది ట్రోలింగ్, అంటే పడవను నెమ్మదిగా నడుపుతూ వెనక ఎరను లాగడం. చిన్నచేప ఆకారంలో ఉండే క్రాంక్‌బైట్ మూతికున్న పలక దాన్ని కొంతమేరకు కిందికి దించుతుంది గాని, మామూలు దారం మీద అది చేరగల లోతుకు ఒక హద్దు ఉంది. చేపలు ఆ హద్దుకు దిగువన ఉన్నప్పుడు లెడ్ కోర్ అవసరమవుతుంది. అల్లిన నైలాన్ తొడుగులో సన్నని సీసపు తీగ సాగిన దారం ఇది. మన విసురు వలకు సీసపు గుళ్లు అంచునే ఉంటాయి. ఇందులో సీసం దారం పొడవునా పరుచుకుని ఉంటుంది కాబట్టి, ఎర పక్కన ప్రత్యేకంగా బరువు కట్టనక్కరలేకుండా దారమే వంపు తిరిగి ఎరను కిందికి తీసుకుపోతుంది. ప్రతి 10 గజాలకు, అంటే 30 అడుగులకు, తొడుగు రంగు మారుతుంది. అందుకే ఇక్కడ ఎవరూ ఇన్ని అడుగులు వదిలామని చెప్పరు, ఇన్ని రంగులు వదిలామని చెబుతారు.

18 పౌండ్ల లాగుడును తట్టుకునే లెడ్ కోర్ గంటకు రెండు మైళ్ల వేగంలో రంగుకు సుమారు 5 అడుగుల లోతు దిగుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. ఇది చేతిలెక్కే. వేగం పెరిగితే దారం పైకి తేలుతుంది, తగ్గితే కిందికి దిగుతుంది, ఎర తాను దిగే లోతు దీనికి అదనంగా కలుస్తుంది. ఈ లెక్కను సరస్సుకు అన్వయిస్తే కొనవలసినదేమిటో దాదాపు తేలిపోతుంది. ఈరీ సరస్సు పడమటి భాగం సగటు లోతు 24 అడుగులే. నడి భాగం సగటున 60 అడుగులు ఉంటుంది. తూర్పు భాగంలో అత్యధిక లోతు 210 అడుగులు. వాల్‌ఐలు వసంతంలో పడమటి భాగంలోని రాతి దిబ్బల మీద, మామీ, సాండస్కీ నదుల్లో గుడ్లు పెట్టి, నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో చాలా భాగం తూర్పు దిక్కుగా సాగిపోతాయి. పడమటి భాగంలో జూన్‌లో తిరిగేవారికి రెండు మూడు రంగులు చాలు. ఆగస్టులో క్లీవ్‌లాండ్ ఎదుట నడి సరస్సులో తిరిగేవారికి ఐదు నుంచి పది రంగుల వరకు అవసరపడవచ్చు. అయితే నడి భాగంలో వేసవి చివరన అడుగు పొర నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. ఆ పొరలో చేప నిలవదు గనుక, ఎరను అంతకంటె కిందికి పంపితే పెట్రోలు ఖర్చు తప్ప మరేమీ మిగలదు. మేత కుప్పలు అడుగున కుళ్లి ప్రాణవాయువును తినేసిన చెరువులో తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలడం చూసినవాణ్ణి కాబట్టి, ఈ సంగతి నాకెవరూ విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది.

బేరానికి వచ్చేవారిలో చాలామంది పది రంగుల దారం మొత్తం ఒకే రీలుకు ఎక్కించమంటారు. దానితో అన్ని లోతులూ అందుకోవచ్చునన్నది వారి ఆలోచన. ఒక వేసవిలో కొలంబస్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు నా యాసను బట్టి పోల్చుకుని తెలుగులోకి దిగి, "బాబాయ్ గారూ, ఒక్క రీలుతో సరిపోదా?" అని అడిగాడు. "సరిపోతుంది బాబూ, కానీ మూడు రంగులు మాత్రమే వదిలినప్పుడు మిగిలిన ఏడు రంగులూ రీలులోనే కూర్చుంటాయి, దారాన్ని పడవకు దూరంగా పక్కకు లాగే ప్లేనర్ బోర్డు అనే తేలే పలక తగిలించాలంటే దాని క్లిప్పు సీసపు దారం మీదే పట్టాలి, అలా పట్టిన చోట లోపలి తీగ నలిగిపోతుంది" అని చెప్పాను. బోర్డులు వాడేవారికి మూడు రంగులకొకటి, ఐదు రంగులకొకటి, ఏడు రంగులకొకటిగా విడి రీళ్లు పెట్టుకోవడమే నా దృష్టిలో సరైన పద్ధతి. అప్పుడు సీసం మొత్తం నీళ్లలోకి పోయి, బోర్డు క్లిప్పు సీసం వెనకనున్న బ్యాకింగ్‌ను, అంటే రీలుకు అడుగున చుట్టిన మామూలు దారాన్ని, పట్టుకుంటుంది. బోర్డులు లేకుండా పడవ వెనక నేరుగా లాగేవారికి మాత్రం పది రంగుల రీలు ఒకటే చాలు, రంగులు లెక్కపెట్టుకుంటూ కావలసినంత వదులుకోవచ్చు.

దారం బలం విషయంలో వాల్‌ఐకి 18 పౌండ్లది తీసుకోమని చెబుతాను. 27 పౌండ్లది సాల్మన్ వంటి పెద్ద చేపలకు తగినది. దాని తొడుగు లావు కాబట్టి నీటి ఒరిపిడి ఎక్కువ, రీలులో చోటు కూడా ఎక్కువ తింటుంది. 12 పౌండ్లది బాగా దిగుతుంది గాని అడుగున రాళ్లకు తగులుకుంటే లాగడానికి ధైర్యం చాలదు. తొడుగు పలుచగా వచ్చే కొత్త రకాలు అదే పొడవుకు ఇంకొంచెం లోతు దిగుతాయి, అందుచేత ఒకే పడవలో పాత రకం, కొత్త రకం కలిపి వాడేవారు రెండింటికీ ఒకే లెక్క వేసుకోకూడదు.

ఎక్కించే పనిలో ముందుగా రీలుకు పోయేది బ్యాకింగ్. బోర్డు క్లిప్పు జారకుండా పట్టాలంటే 20 లేదా 30 పౌండ్ల మోనో, అంటే ఒంటిపోగు నైలాన్ దారం, మేలు; సన్నని అల్లిక దారమైతే చోటు మిగులుతుంది గాని మామూలు క్లిప్పుల్లో నుంచి జారిపోతుంది. తరవాత సీసపు దారం కొసను పట్టుకుని తొడుగును వెనక్కి తోస్తే తీగ బయటపడుతుంది. దాన్ని గోటితో వంచి ఆరేడు అంగుళాలు తుంచేసి, తొడుగును మళ్లీ ముందుకు సవరిస్తే ఆ మేరకు బోలు గొట్టంలా మిగులుతుంది. మోనో కొసను ఏటవాలుగా కోసి, ఆ బోలులోకి తీగ తగిలేదాకా పాముతూ పోనిచ్చి, తొడుగును, మోనోను కలిపి తీగ చివర దగ్గర ఒక ముడి, తొడుగు అంచు దగ్గర మరొక ముడి వేసి బిగించాలి. దీనిని విల్లిస్ ముడి అంటారు. బిగించే ముందు తడి చేయకపోతే మోనో ఒరిపిడికి వేడెక్కి బలం కోల్పోతుంది. ముడి సన్నగా ఉండి గాలపు కర్ర రింగుల్లో నుంచి తగలకుండా సాగిపోవడం దీని గొప్ప. అల్లిక దారం మెత్తన కాబట్టి బోలులోకి దూరదు. దానికి ఖాళీ చేసిన తొడుగుతో యూని ముడిని రెండు వైపులా వేసి ఒకదానికొకటి లాగి కలపాలి.

ఎర వైపు లీడర్‌ను, అంటే సీసపు దారానికీ ఎరకూ మధ్య ఉండే దారాన్ని, కూడా ఇదే విధంగా కట్టాలి. 10 నుంచి 15 పౌండ్ల మోనో గాని ఫ్లోరోకార్బన్ దారం గాని, 20 నుంచి 30 అడుగుల పొడవున పెడతాను. రంగురంగుల తొడుగు ఎరకు దగ్గరగా ఉంటే చేప బెదురుతుందన్న అనుమానం తీర్చడానికే ఈ పొడవు. 1980ల చివర ఈ సరస్సుల్లోకి చొరబడిన జీబ్రా ఆలిచిప్పలు నీటిని వడగట్టి తేటపరిచాయి కనుక ఆ అనుమానంలో అర్థముంది. అడుగున రాళ్లకు పట్టిన ఆ చిప్పల అంచులే లీడరును కోస్తాయి కూడా, కాబట్టి చివరి రెండు మూడడుగులను వేళ్ల మధ్య జార్చి చూసుకోవడం, గరుకు తగిలితే కోసి మళ్లీ కట్టడం తప్పదు. ఎరను తగిలించడానికి స్నాప్ అనే చిన్న కొక్కెం చాలు. ఐదో నంబరు, ఏడో నంబరు ఫ్లికర్ షాడ్ వంటి ఎరలకు స్వివెల్ అనే పెద్ద తిరిగే లంకె తగిలిస్తే వాటి ఊపు చచ్చిపోతుంది.

నీళ్లలో దీని ప్రవర్తన తెలియని కొనుగోలుదారే దుకాణానికి తిరిగివచ్చి ఫిర్యాదు చేస్తాడు. పడవ మలుపు తిరిగినప్పుడు లోపలి వైపు దారం వేగం తగ్గి కిందికి దిగుతుంది, బయటి వైపుది వేగం పెరిగి పైకి లేస్తుంది. ఆ మలుపులో లోపలి కర్రకు చేప పడితే ఇంకొంత లోతు కావాలనో, వేగం తగ్గించాలనో తెలుసుకోవచ్చు. పడవను ఉన్నట్టుండి ఆపితే తేలే ఎర కూడా సీసంతోపాటు అడుగుకు పోయి రాళ్లలో ఇరుక్కుంటుంది, కాబట్టి చేప పడినా పడవను ముందుకు సాగనిస్తూనే చుట్టుకోవాలి. వదిలేటప్పుడు రీలును బొటనవేలితో అదిమి నెమ్మదిగా తిరగనివ్వాలి. ఒక్కసారి చిక్కుపడి లోపలి తీగ మెలి తిరిగిందంటే అక్కడ విరుగుతుంది. విరిగిన మొన తొడుగును పొడుచుకుని బయటికి వస్తుంది. అలాంటి రీళ్లు నా బల్ల మీదికి వచ్చినప్పుడు, మొన వచ్చిన చోట తీగను కొంచెం తుంచి, ఆ ఖాళీలో తొడుగుకు ముడి వేసి అతకవచ్చు గాని, ఆ మేర లోతు లెక్క మారుతుందని యజమానికి చెప్పే ఇస్తాను. రెండు మూడు చోట్ల విరిగితే దారం మార్చడమే చవక.

తుంచిన సీసపు ముక్కలను బల్ల పక్కనున్న డబ్బాలో వేయడం, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం దుకాణం నియమాలు. పడవలో ముడి వేసుకునేవారికీ ఇవే చెబుతాను, ఎందుకంటే ఆ ముక్కలు నీళ్లలో పడితే మింగిన పక్షులకు విషమవుతాయి, అదే చేతితో అన్నం తింటే మనకూ మంచిది కాదు. కొలంబస్ కుర్రాడు చివరికి మూడు రంగులదొకటి, ఏడు రంగులదొకటి ఎక్కించుకుని వెళ్లాడు. ఐదు రంగులది వచ్చే జీతం మీద కొంటానన్నాడు.