బాబాయితో అశ్వారావుపేట పామాయిల్ తోటలకు

సత్తుపల్లి దాటి దమ్మపేట రోడ్డెక్కాక మావాడి జీపులో మాటలు ఆగిపోయాయి. ఎటు చూసినా పామాయిల్ తోటలే. సిద్దిపేట దగ్గర వరి పండించే మా బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ కూర్చున్నాడు. 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఈ తోటల సాగు పెంచే ఆయిల్ పామ్ మిషన్ ప్రకటించాక మా వైపు కూడా ఈ మొక్కలు పెట్టమని అధికారులు రైతుల వెంట పడుతున్నారు. మొక్కకూ డ్రిప్పుకూ సబ్సిడీ ఉంది. అయినా బాబాయి ఒకటే మాట: "కండ్లతోని చూడంది గుంత తవ్వ."

అశ్వారావుపేట దగ్గర మాకు తోట చూపించిన రైతు పెద్దాయన. ఈ పంటలో తల పండినవాడు. లోపల మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంది. చెట్ల కింద కోకో వేశాడు. పొడవాటి గెడకు కట్టిన కొడవలితో కూలీ ముందు మట్టను కోశాడు, తర్వాత గెలను. ఇరవై కిలోల పైనే ఉన్న గెల దబ్బున పడింది. రాలిన కాయలను ఇంకొకతను ఏరి సంచిలో పోస్తున్నాడు. కాయలే నూనె కదా, ఒక్కటీ వదలరు.

ఎకరానికి 57 మొక్కలు. తొమ్మిది మీటర్ల దూరంలో, త్రికోణం పద్ధతిలో. మొదట్లో వచ్చే పూగుత్తులను తీసేయాలి, అసలు కాపు నాలుగో ఏడు నుంచి. అప్పటిదాకా మధ్యలో మొక్కజొన్నో వేరుశనగో వేసుకోవాలి. చెట్టు పశ్చిమాఫ్రికాది. పుప్పొడిని మోసే ముక్కు పురుగునూ అక్కడినుంచే తేవాల్సి వచ్చింది. కామెరూన్ నుంచి 1981లో మలేషియాకు, 1985లో మన దేశానికి వచ్చింది. అంతకుముందు పుప్పొడిని మనుషులే చల్లేవారు. ఈ సంగతి విని బాబాయి పకపకా నవ్వాడు.

నీళ్ల దగ్గరకు వచ్చేసరికి ఆ నవ్వు పోయింది.

"అన్నా, గింత పెద్ద చెట్టుకు నీళ్లేడికెల్లి తేవాలె?"

"ఎండాకాలం రోజుకు రెండొందల లీటర్లు పడాలి తమ్ముడూ. తగ్గితే గెల చిక్కిపోద్ది."

ఎకరానికి లెక్కేస్తే 11,400 లీటర్లు. వరి ఇంతకంటే ఎక్కువే తాగుతుంది కానీ, బోరు ఎండితే ఒక యాసంగి వరి మానేయొచ్చు. దీన్ని మానడం కుదరదు. పైగా ఈ వేసవిలో నీళ్లు తగ్గిస్తే దెబ్బ ఇప్పుడే తెలియదు. ఆడ పూగుత్తులు తగ్గి మగవి పెరిగి, రెండేళ్ల తర్వాత గెలల లెక్కలో బయటపడుతుంది. సబ్సిడీ కాగితాల్లో ఇది రాయరు, రైతే చెప్పాలి.

నాకు మాత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గరే అసలు విషయం అర్థమైంది. గెలలతో ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. కోసిన గెలను 24 గంటల్లో ఆడించాలి, లేకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. వడ్లయితే ఇంట్లో పోసుకుని రేటు కోసం చూడొచ్చు. గెలను ఆపలేం, సంతలో అమ్మలేం. 1993 నాటి ఆయిల్ పామ్ చట్టం ప్రకారం ప్రాంతాలను పంచి ఒక్కో ఫ్యాక్టరీకి అప్పగించారు. అంటే మన ప్రాంతం ఎవరిదైతే వాళ్లే కొనాలి, వాళ్లకే అమ్మాలి. రేటు ముడి పామాయిల్ ధరను బట్టి నడుస్తుంది. 2024 సెప్టెంబరులో ముడి నూనె మీద ప్రాథమిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచినప్పుడు గెలల రేటు బాగుందట. 2025 మే నెలాఖరున ఆ సుంకం పది శాతానికి దిగింది. "మా రేటు సగం ఢిల్లీలో, సగం మలేషియా మార్కెట్లో తేలుద్ది" అన్నాడు పెద్దాయన. ఆయన ఈ పంట మానలేదు. కూలీ ఖర్చు తక్కువ, కోతుల బెడద లేదు, నెలకు రెండు మూడు సార్లు కోత. కోకో మీద వచ్చేది వేరే.

తిరుగు ప్రయాణంలో ఖమ్మం దాకా బాబాయి ఫోన్లోనే ఉన్నాడు. మా మండలం ఉద్యానశాఖ అధికారిని పట్టుకుని మొక్కల గురించి ఒక్క ముక్క అడగలేదు. మాకు దగ్గరి మిల్లు ఏది, బండి కిరాయి ఎవరు పెట్టుకోవాలి, మిల్లు నడవకపోతే గెలలు ఎటు పంపాలి, ఇవే ప్రశ్నలు. చివరికి ఉన్న ఆరెకరాల్లో రెండెకరాలకే పేరు రాయించాడు. అదీ పాత బోరున్న చెలక.