పంటి సందుల శుభ్రం: 43వ రోజు

రాత్రి గిన్నెలు సర్దాక ముందు పంటి సందులు, తర్వాత బ్రష్. ఎన్ని చోట్ల రక్తం కనిపించిందో వంటింటి క్యాలెండర్‌లో రాస్తున్నాను. మొదటి రోజు 14, నిన్న 2.

మొదలుపెట్టింది క్లీనింగ్ చేయించుకున్న రోజే. డాక్టరమ్మ గీతలున్న సన్నటి పరికరంతో పంటికీ చిగురుకీ మధ్య సందు లోతు కొలిచి, కింది దవడ పళ్ళ దగ్గర 4 మిల్లీమీటర్లు ఉంది, 3 దాటకూడదమ్మా అన్నారు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయని మా అమ్మమ్మ ఎప్పుడూ వద్దనేది. గార పోయాక సందులు ఖాళీగా తగిలి నాకూ భయం వేసింది కానీ, ఇన్నాళ్ళూ ఆ ఖాళీని నింపింది గారే. అప్పటిదాకా తోటకూర పీచు ఇరుక్కుంటే గాజుకున్న పిన్నీసుతోనే తీసేదాన్ని. మీరూ అలా చేస్తుంటే ఈరోజే మానేయండి, చిగురు చీరుకుపోతుంది.

పంటి సందులకి వాడే దారం (డెంటల్ ఫ్లాస్) ఒక మూర కావాలి, పూలు కొలిచినట్టే, అంటే దాదాపు 45 సెంటీమీటర్లు. రెండు నడిమి వేళ్ళకి చుట్టి మధ్యలో అంగుళం బిగించి పట్టుకోవాలి. మొదట్లో ఒక్కసారిగా కిందికి నొక్కి చిగురు కోసుకున్నాను. ఇప్పుడు అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ దించి, పంటి చుట్టూ వంచి, చిగురు అంచు లోపలికి కాస్త పోనిచ్చి పైకీ కిందికీ రుద్దుతున్నాను, ఆ తర్వాత అదే సందులో పక్క పంటికి కూడా.

ఐదో రోజు 17 చోట్ల రక్తం వచ్చేసరికి ఆపేద్దామనిపించింది. పాచి వల్ల వాచిన చిగురు తాకితే రక్తం వస్తుంది, ఆపితే పాచి ఇంకా పేరుకుంటుంది అని డాక్టరమ్మ ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడుతూనే కొనసాగించాను. పదో రోజుకి 9, ఇరవయ్యో రోజుకి 5. రెండు వారాలైనా తగ్గకపోతే మాత్రం చూపించుకోవాల్సిందే.

దవడ పళ్ళ మధ్య సందు పెద్దది, దారం ఊరికే జారిపోతోంది. అక్కడికి సందులో దూర్చే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ తెచ్చాను, సన్నటి తీగ చుట్టూ కుచ్చు ఉంటుంది. 0.8 సైజు దూరక తీగ వంగిపోయింది, 0.6 సరిపోయింది. కుచ్చు రెండు పళ్ళకీ తగలాలి, తీగ రాసుకోకూడదు. పేస్ట్ అక్కర్లేదు, కడిగి ఆరబెడితే చాలు.

మిగిలిన రెండు చోట్లలో ఒకటి కుడివైపు ఫిల్లింగ్ ఉన్న పన్ను. అక్కడ దారం రోజూ పీచులు పీచులుగా తెగుతోంది, ఫిల్లింగ్ అంచు గరుకుగా ఉందేమోనని అనుమానం. శనివారం చూపించుకుని, ఆ 4 మిల్లీమీటర్ల లోతు ఎంతకి దిగిందో కొలిపించుకుని వస్తాను.